ఆ ‘వచ్చు’ను ఎవరు కొట్టేశారు? తెలుగు సంపాదకులకు, డెస్కు మిత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు, న్యూస్ ఎడిటర్లకు, రాత్రి షిఫ్టులో అంతర్జాతీయ పేజీ పెట్టే సబ్ ఎడిటర్ మిత్రులకు నమస్కారం.

నేను 28 ఏళ్లు తెలుగు దినపత్రికల డెస్కుల్లో పనిచేసి రిటైరైనవాణ్ని. నా పేరు మీకు తెలిసే అవకాశం లేదు. వార్త మీద విలేకరి పేరో, ఏజెన్సీ పేరో ఉంటుంది గానీ దాన్ని తిరగరాసినవాడి పేరు ఉండదు. ఈ లేఖలోని విషయమే రెండుసార్లు ఉత్తరంగా, ఒకసారి మెయిల్‌లో కొందరు సంపాదకులకు పంపాను. ఒకచోటి నుంచి ‘పరిశీలిస్తాం’ అని ఒక్క ముక్క వచ్చింది. మిగతావారి నుంచి అదీ లేదు. ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి ఊరుకోలేక, ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

విషయం 2003 నాటి ఇరాక్ యుద్ధం. సద్దాం హుస్సేన్ దగ్గర జనహనన ఆయుధాలు ఉన్నాయన్న నిఘా సమాచారం చూపించి ఆ యుద్ధం మొదలుపెట్టారు. ఆయుధాలు దొరకలేదు. సమాచారం ఎందుకు తప్పిందో కనుక్కోవడానికి అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో విచారణల మీద విచారణలు జరిగాయి. వాటిలో ఏం తేలిందో మన పాఠకులకు మనం సరిగ్గా చెప్పలేదు. ఇరవై ఏళ్లు దాటిన సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నావని అడుగుతారు. ఆనాడు ఎలా రాశామో ఇవాళా అలాగే రాస్తున్నాం, అందుకు.

ముందు నా సంగతి చెబుతాను.

2002 సెప్టెంబరు 24. ఇరాక్ ఆయుధాల మీద తయారుచేసిన యాభై పేజీల పత్రాన్ని బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ పార్లమెంటు ముందు పెట్టారు. ఆదేశం వచ్చిన 45 నిమిషాల్లో కొన్ని రసాయన, జీవాయుధాలను ప్రయోగానికి సిద్ధం చేసే వీలు ఇరాక్‌కు ఉందన్నది అందులో అందరి కంట్లో పడ్డ మాట. మాకు వచ్చిన ఏజెన్సీ కాపీలో ‘కుడ్’ (could) అని ఉంది. నేను ‘45 నిమిషాల్లో ప్రయోగించవచ్చు’ అని రాసి ఇచ్చాను. షిఫ్ట్ ఇన్‌చార్జి చూసి, “వచ్చు ఏంటయ్యా, చప్పగా! కొట్టెయ్” అన్నారు. కొట్టేశాను. ‘ముప్పావు గంటలో ప్రళయం’ అని హెడ్డింగ్ పెట్టాను. అది ఆరు కాలాల్లో అతికినట్టు కూర్చుంది. పేజీ వెళ్లిపోయాక టీ తాగుతూ ఆ హెడ్డింగ్ చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు సాయంత్రం డెస్కు ఫోన్ మోగింది. రాజంపేట ఎస్టీడీ బూత్ నుంచి ఒకామె. “సార్, మా ఇంటాయన కువైట్‌లో డ్రైవరుగా ఉండాడు. ముప్పావు గంటలో బాంబులేస్తాడని రాసినారే, కువైట్ దాకా వస్తాయా అవి?” అంది. వాళ్ల ప్రధాని అలా చెప్పాడమ్మా అన్నాను. “ఆయప్ప చెప్పినాడు, సరే. ఉండాయో లేవో మీరు కనుక్కున్నారా?” అంది. నేను తడుముకుంటుండగానే లైన్ కట్టయింది. బూత్ మీటరు చూసి పెట్టేసి ఉంటుంది.

ఆ 45 నిమిషాల అసలు సంగతి ఇది. అది సరిహద్దులు దాటి వచ్చే క్షిపణుల గురించి కాదు, యుద్ధభూమిలో దగ్గరి దూరానికి వాడే మందుగుండు గురించి. పత్రంలో ఆ ముక్క ఎక్కడా రాయలేదు. 45 నిమిషాల మాట మాత్రం ముందుమాటతో కలిపి నాలుగు చోట్ల ఉంది. ఏ ఆయుధాల గురించో చెప్పకుండా ఆ మాట పెట్టాల్సింది కాదని నిఘా సమాచారం ఎలా తప్పిందో చూడటానికి బ్రిటన్‌లో వేసిన లార్డ్ బట్లర్ కమిటీ 2004 జులైలో తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో విదేశాంగ మంత్రి జాక్ స్ట్రా పార్లమెంటులో నిలబడి, ఆ సమాచారాన్ని నిఘా సంస్థ వెనక్కి తీసుకుందని చెప్పారు. ఆ వార్త మా పత్రికలో వచ్చిన గుర్తు నాకు లేదు. రాజంపేటకు ఫోన్ చేసి చెప్పినవాళ్లయితే లేరు.

ఇక ఆ విచారణలు. మనం సింగిల్ కాలంలో సరిపెట్టిన వాటిని ఇక్కడ కాస్త విప్పి చెబుతాను.

1. అమెరికా సెనేట్ నిఘా కమిటీ నివేదిక, 2004 జులై 9. యుద్ధానికి ముందు, 2002 అక్టోబరులో, నిఘా సంస్థలన్నీ కలిసి ‘జాతీయ నిఘా అంచనా’ అనే రహస్య పత్రం తయారుచేశాయి. మామూలుగా నెలలు పట్టే పని, దాదాపు మూడు వారాల్లో ముగించారు. ఆ రహస్య ప్రతిలో ‘మా అంచనా ప్రకారం’ లాంటి మాటలు ఉన్నాయి. విదేశాంగ శాఖ నిఘా విభాగం ఒప్పుకోలేదన్న సంగతీ ఉంది. ప్రజల కోసం విడుదల చేసిన ప్రతిలోకి వచ్చేసరికి ‘మా అంచనా’ ఎగిరిపోయింది. మిగిలింది ‘ఉన్నాయి’. ఇరాక్ కొన్న అల్యూమినియం గొట్టాలు అణు కార్యక్రమానికేనని సీఐఏ అంది. కాదు, అవి రాకెట్లకు సరిపోయే గొట్టాలని ఇంధన శాఖ నిపుణులు అన్నారు. యురేనియం శుద్ధి చేసే యంత్రాల గురించి తెలిసినవాళ్లు ఆ దేశ ప్రభుత్వంలో ఎవరైనా ఉన్నారంటే ఆ నిపుణులే. వాళ్ల మాట అడుగున పడిపోయింది. యుద్ధానికి అనుమతిస్తూ ప్రతినిధుల సభ 296-133తో, సెనేట్ 77-23తో ఓటేశాయి.

ఇది చదివినప్పుడు నాకు మా షిఫ్ట్ ఇన్‌చార్జి గొంతు వినపడింది. ‘చప్పగా ఉంది, కొట్టెయ్’ అన్న మాట మా డెస్కు కంటే ముందే వాషింగ్టన్‌లోనూ లండన్‌లోనూ ఎవరో అన్నారన్నమాట. మేం చివరి చేతి వాళ్లం, అంతే.

2. బట్లర్ కమిటీ, బ్రిటన్, 2004 జులై 14. ఇరాక్ ఆయుధాల మీద సమాచారం అక్కడక్కడా, అరకొరగా ఉందని 2002 మార్చిలోనే నిఘా పెద్దలు లోపల రాసుకున్నారు. సెప్టెంబరు నాటికి ప్రధాని ముందుమాటలో అది ‘సందేహానికి తావు లేదు’ అయింది. పార్లమెంటులో ‘విస్తృతమైన, వివరమైన, సాధికారమైన’ సమాచారం అయింది. ఆ ఆరు నెలల్లో ఆ స్థాయిలో తేడా తెచ్చే ఆధారాలేవీ వచ్చిపడలేదు. నిఘా సమాచారం మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు దాని మీద పెట్టారని కమిటీ అంది. ఎవరు పెట్టారంటే మాత్రం అందరూ కలిసి అంది. ఆ పత్రం తయారీని చూసిన నిఘా కమిటీ అధ్యక్షుడు జాన్ స్కార్లెట్ అదే ఏడాది విదేశీ నిఘా సంస్థ ఎమ్ఐ6కు అధిపతి అయ్యారు. ఆ నియామకాన్ని ఆపవద్దని బట్లర్ కమిటీయే రాసింది.

3. సిల్బర్మన్-రాబ్ కమిషన్, అమెరికా, 2005 మార్చి 31. అధ్యక్షుడు బుష్ వేసింది. ఇరాక్ ఆయుధాల మీద నిఘా సంస్థల అంచనాలు దాదాపు అన్నీ పూర్తిగా తప్పని మొహమాటం లేకుండా చెప్పింది. ‘కర్వ్‌బాల్’ కథ ఇందులోనే విపులంగా ఉంది. జర్మనీలో ఆశ్రయం కోరి వచ్చిన ఒక ఇరాకీ ఇంజినీరుకు నిఘా వర్గాలు పెట్టిన మారుపేరు అది. లారీల మీద తిరిగే జీవాయుధ ప్రయోగశాలలు ఉన్నాయని అతను జర్మన్లకు చెప్పాడు. యుద్ధానికి ముందు సీఐఏ అతన్ని కూర్చోబెట్టి ప్రశ్నించనే లేదు. అతను చెప్పింది మాత్రం 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి దాకా వెళ్లింది.

ఆ రోజు నాకు బాగా గుర్తు. మనకు రాత్రి 9 గంటలు. డెస్కులో అందరం టీవీ ముందు చేరాం. అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ చేతిలో చిన్న గాజు సీసా, అందులో తెల్లటి పొడి. తర్వాత లారీ ప్రయోగశాలల బొమ్మలు. ఫొటోలు కూడా కాదు, గీసిన బొమ్మలు! అయినా ‘సాక్ష్యాలు బయటపెట్టిన పావెల్’ అని మేం బ్యానర్ పెట్టాం. ‘ఆరోపించిన’ అని పెట్టమని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఆ ప్రసంగం తన మీద పడ్డ మచ్చ అని 2005లో పావెల్ స్వయంగా అన్నారు. తాను చెప్పింది అబద్ధమని 2011లో కర్వ్‌బాల్ ఒక బ్రిటిష్ పత్రికకు ఒప్పుకున్నాడు. మన బ్యానర్ మాత్రం బైండు చేసిన పాత సంచికల్లో ఎక్కడిదక్కడే ఉంది.

4. చిల్కాట్ విచారణ, బ్రిటన్. మాజీ ఉన్నతాధికారి జాన్ చిల్కాట్ అధ్యక్షతన ఈ విచారణను 2009 జూన్‌లో ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రకటించారు. మొదట తలుపులు మూసి జరపాలనుకున్నారు. గగ్గోలు రేగాక తెరిచారు. 2016 జులై 6న నివేదిక వచ్చింది. ఏడేళ్లు, 12 సంపుటాలు, 26 లక్షల మాటలు. శాంతి మార్గాలు ఇంకా మిగిలి ఉండగానే యుద్ధానికి దిగారని, అది చివరి మార్గంగా చేసిన యుద్ధం కాదని, ముప్పును లేనిపోని నిశ్చయంతో చూపించారని అందులో ఉంది. ‘ఏమైనా సరే, నేను మీతోనే ఉంటాను’ అంటూ బ్లెయిర్ 2002 జులై 28న బుష్‌కు రాసిన ఉత్తరమూ అప్పుడే బయటపడింది. యుద్ధానికి దాదాపు ఎనిమిది నెలల ముందు రాసిన ఉత్తరం. ‘ముప్పావు గంట’ పత్రం కంటే కూడా రెండు నెలలు ముందే!

ఆ సంపుటాల్లో ఒక చిన్న సంగతి నాకు మరీ నవ్వు తెప్పించింది, తర్వాత కడుపు మండింది. రసాయన విషాన్ని గాజు పాత్రల్లో పెట్టి తరలిస్తున్నారని 2002 సెప్టెంబరులో ఎమ్ఐ6కు ఒక సమాచారం వచ్చింది. అలాంటి విషాన్ని మామూలుగా గాజులో పెట్టరు, కానీ ఒక పాపులర్ సినిమాలో అలా చూపించారని తర్వాత ఎవరో గుర్తుచేశారు. ఆ వర్తమానం ఇచ్చినవాడు అబద్ధాలకోరని యుద్ధానికి ముందే అనుమానం వచ్చింది. ఆ అనుమానం పై వాళ్లకు చేరాల్సిన వేగంతో చేరలేదు. సినిమా సీను చేరినంత వేగంగా చేరలేదు.

5. ఇంకా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2004లో ఫిలిప్ ఫ్లడ్ అనే ఆయన విచారణ జరిపారు, తప్పిన సంస్థకే బడ్జెట్ పెంచమన్నారు. యుద్ధానికి అంతర్జాతీయ చట్టం ప్రకారం సరైన ఆధారం లేదని నెదర్లాండ్స్‌లో డేవిడ్స్ కమిషన్ 2010 జనవరిలో తేల్చింది. డెన్మార్క్ 2012లో కమిషన్ వేసింది, 2015లో ప్రభుత్వం మారగానే దాన్ని మూసేశారు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి బయటపడుతుంది. సమాధానం ఎప్పుడూ అడిగిన ప్రశ్నను దాటి పోలేదు. ఆ ప్రశ్నను రాసిందేమో విచారణ ఎదుర్కోవాల్సిన ప్రభుత్వమే. సిల్బర్మన్-రాబ్ కమిషన్‌కు నిఘా సంస్థలు ఎలా తప్పాయో చూడమన్నారు. ఆ సమాచారాన్ని నాయకులు ఎలా వాడుకున్నారో చూసే అధికారం ఇవ్వలేదు. ఆ సంగతి నివేదికలో వాళ్లే రాసుకున్నారు. సెనేట్ కమిటీ ఆ రెండో భాగాన్ని తర్వాత చూస్తానంది. ‘తర్వాత’ అంటే 2008 జూన్. మధ్యలో ఒక అధ్యక్ష ఎన్నిక అయిపోయింది, బుష్ దిగిపోయే రోజులూ దగ్గరపడ్డాయి. చిల్కాట్ దగ్గర సాక్షులు ప్రమాణం చేయలేదు. ఐదుగురు సభ్యుల్లో జడ్జి గానీ లాయరు గానీ లేరు. యుద్ధం చట్టబద్ధమో కాదో చెప్పడం తమ పని కాదని ఆయనే అన్నారు. అన్నట్టు చిల్కాట్ 2004 బట్లర్ కమిటీలో కూడా సభ్యుడే. ఒకే ఆయన రెండుసార్లు కూర్చుని, రెండోసారి ఏడేళ్లు తీసుకుని, మొదటిసారి కంటే చాలా ఎక్కువ చెప్పగలిగారు. మనిషి మారలేదు, అడగనిచ్చిన ప్రశ్న మారింది.

దొంగతనం జరిగిన ఇంట్లో తాళం ఎందుకు పాడైందో కనుక్కోమన్నారు గానీ తాళంచెవి ఎవరి జేబులో ఉందో అడగవద్దన్నారు. మనం తాళం గురించే వార్త రాశాం. అది కూడా ఏడో పేజీలో.

ఇప్పుడు దీని భారం ఎవరి మీద పడిందో చెప్పాలి.

1. ఇరాక్ ప్రజల మీద. 2009 నాటికే తక్కువలో తక్కువ లక్షన్నర మంది ఇరాకీలు చనిపోయారని, అందులో ఎక్కువమంది సామాన్యులేనని, పది లక్షలకు పైగా జనం ఇళ్లు విడిచారని చిల్కాట్ రాశారు. మన రాష్ట్రాల్లో ఒక జిల్లా కేంద్రం మొత్తం ఖాళీ అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

2. పంపిన సైనికుల మీద. బ్రిటన్ సైనికులు 179 మంది, అమెరికా సైనికులు దాదాపు 4,500 మంది తిరిగి రాలేదు. చిల్కాట్ నివేదిక వచ్చిన రోజు పొద్దున లండన్‌లో ఒక హాల్లో చనిపోయిన సైనికుల కుటుంబాలను కూర్చోబెట్టి, బయటి ప్రపంచం కంటే ముందు చదువుకోమని ఇచ్చారు. కొడుకు చనిపోయిన పదమూడేళ్లకు ఎందుకు చనిపోయాడో చదువుకోవడం.

3. నిజం చెప్పబోయినవాళ్ల మీద. బ్రిటన్ ఆయుధ నిపుణుడు డేవిడ్ కెల్లీ ఆ 45 నిమిషాల పత్రం గురించి ఒక బీబీసీ విలేకరితో మాట్లాడారు. పేరు బయటికి వచ్చింది, పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబెట్టి ప్రశ్నించారు. 2003 జులై 17న ఇంటి నుంచి నడకకు వెళ్లి మళ్లీ రాలేదు. ఆత్మహత్య అని హటన్ విచారణ 2004 జనవరిలో తేల్చింది, ప్రభుత్వాన్ని దాదాపు పూర్తిగా వదిలేసింది. రాజీనామా చేయాల్సి వచ్చింది బీబీసీ ఛైర్మన్, డైరెక్టర్ జనరల్. అట్లాంటిక్ అవతల, సీఐఏ అధిపతిగా ఈ అంచనాలన్నీ చూసిన జార్జ్ టెనెట్‌కు 2004 డిసెంబరులో దేశ అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు.

4. మన వాళ్ల మీద. రాజంపేట ఆమె భయపడ్డ క్షిపణులు కువైట్‌కు వచ్చాయి, కానీ యుద్ధం మొదలయ్యాక. 2003 మార్చి 29న ఒకటి కువైట్ నగరంలో ఒక షాపింగ్ మాల్ పక్కన పడింది. అది మామూలు క్షిపణి, అందులో ఏ విషమూ లేదు. ముప్పు ఉందని యుద్ధం చేశారు, యుద్ధం వల్ల ముప్పు వచ్చింది. ఆ ఏడాది కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో మన జిల్లా విలేకరులకు తెలుసు. 2004 జులైలో ముగ్గురు భారతీయ లారీ డ్రైవర్లను ఇరాక్‌లో ఎత్తుకెళ్లారు, సెప్టెంబరు 1న వదిలారు. 2014లో ఇరాక్‌లోని మోసుల్ నగరంలో చిక్కుకున్న 39 మంది భారతీయ కూలీలు బతికి రాలేదు. పంజాబ్, హిమాచల్, బిహార్, బెంగాల్ వాళ్లు. చనిపోయారని వాళ్ల ఇళ్లకు తెలిసేసరికి 2018 మార్చి. మోసుల్‌ను పట్టుకున్న ఐసిస్ మూక పుట్టింది 2003 తర్వాత శిథిలమైన ఆ దేశంలోనే.

మాట ఎంత బరువు మోస్తుందో మన పార్లమెంటు దగ్గరా చూశాం. 2003 ఏప్రిల్ 8న లోక్‌సభ యుద్ధం మీద తీర్మానం చేసింది. హిందీలో ‘నిందా’ అన్నారు. దాన్ని ఇంగ్లిష్‌లో ‘ఖండించడం’ అనాలా, అంతకంటే మెత్తని మాట వాడాలా అని పెద్ద చర్చ. మా డెస్కులో మరో తిప్పలు. తెలుగులో నింద అంటే అభాండం వేయడం కదా! ‘నిందించిన లోక్‌సభ’ అని పెడితే అర్థమే మారిపోతుంది. అరగంట వాదించుకుని ‘గర్హించిన’ అని పెట్టాం. అంత శ్రద్ధ ఆ రాత్రి చూపించగలిగాం. సెప్టెంబరు 24న, ఫిబ్రవరి 5న ఎందుకు చూపించలేదు?

కుదరదనుకోవద్దు, కుదిరినవాళ్లు ఉన్నారు. అమెరికాలో నైట్ రిడర్ వార్తా సంస్థ విలేకరులు యుద్ధానికి ముందే ఈ ఆధారాలను అనుమానిస్తూ రాశారు. న్యూయార్క్ టైమ్స్ తన వార్తలు ఉండాల్సినంత కఠినంగా లేవని 2004 మే 26న సంపాదకుల వివరణ వేసింది. ఆలస్యంగా, లోపలి పేజీలోనే అనుకోండి. అయినా వేసింది. మన ఏజెన్సీ కాపీల్లోనూ అనుమానానికి చోటు ఉంది. ఐరాస తనిఖీ బృందం 400కు పైగా చోట్ల 700కు పైగా సార్లు వెతికినా జనహనన ఆయుధాల నిల్వలు కనపడలేదు. నైజర్ నుంచి ఇరాక్ యురేనియం కొనబోయిందన్న కాగితాలు నకిలీవని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ 2003 మార్చి 7న, అంటే యుద్ధానికి 13 రోజుల ముందే చెప్పారు. ఆ కాపీ కూడా నా డెస్కు మీదికి వచ్చింది. నాలుగు పేరాలకు కోసి పక్క కాలంలో ఇరికించాను.

బట్లర్ నివేదిక వచ్చిన మర్నాడు, 2004 జులై 15 సంచిక నా దగ్గర ఉంది. లోపలి పేజీలో సింగిల్ కాలం, ఆరు పేరాలు. దాని కింద అర పేజీ ఆషాఢం తగ్గింపు ధరల చీరల ప్రకటన. 2016 జులై 7న చిల్కాట్ వార్త కోసం నేను ఇంటికి తెప్పించుకునే పత్రిక తిప్పాను. రెండు కాలాలకు పెరిగింది. కింద మళ్లీ ఆషాఢం చీరలే. ప్రకటనలను తప్పుపట్టను, జీతాలు వాటితోనే వస్తాయి. కానీ ‘ముప్పావు గంటలో ప్రళయం’ కోసం మొదటి పేజీలో ఒక ప్రకటన తీసేయించిన రోజులు నాకు తెలుసు.

అందుకని మీ ముందు పెడుతున్న కోరికలు ఇవి. కోరికలు అని మర్యాదకు అంటున్నాను, డిమాండ్లు అనుకోండి.

1. ‘వెల్లడించారు’, ‘బయటపెట్టారు’, ‘స్పష్టం చేశారు’ అన్న క్రియలను మీ డెస్కు నియమావళిలో కట్టడి చేయండి. నిజమని మనకు తెలిసినదాన్నే ఎవరైనా వెల్లడించగలరు. తెలియనిదాన్ని ‘అన్నారు’, ‘ఆరోపించారు’ అంతే. ఇది ఇరాక్‌కే కాదు, మన పోలీసు ప్రెస్‌మీట్లకూ, సరిహద్దు వార్తలకూ వర్తించాలి.

2. ‘నిఘా వర్గాల సమాచారం’ అని రాసినప్పుడు రెండు విషయాలు విధిగా ఉండాలి. ఆ సమాచారం మనకు ఎవరి చేతి మీదుగా వచ్చింది, మనం దాన్ని సొంతంగా సరిచూశామా లేదా. ‘మేం సరిచూడలేదు’ అని రాయడానికి ఒక లైను చాలు. ఆ లైను వార్త చివర కాదు, రెండో పేరాలో ఉండాలి.

3. ఏ ప్రభుత్వం విచారణ వేసినా తొలిరోజు వార్తలోనే ఇవి అడగండి: ప్రశ్నలు ఎవరు రాశారు, ఏం అడగకూడదన్నారు, సాక్షులు ప్రమాణం చేస్తారా, గడువు ఎంత, నివేదిక జనానికి ఇస్తారా. ఢిల్లీకి కూడా ఇదే కొలత. 1962 యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఇన్నేళ్లయినా ప్రభుత్వం అధికారికంగా బయటపెట్టలేదు. కార్గిల్ సమీక్షా కమిటీ నివేదికను కొన్ని భాగాలు తీసేసి పార్లమెంటుకు ఇచ్చారు. వీటిని ఎంతమంది తెలుగు పాఠకులకు గుర్తుచేశాం?

4. ఆరోపణ ఏ పేజీలో వేశామో, అది తప్పని తేలిన వార్త అదే పేజీలో, అంతే సైజులో వేయాలి. కష్టమని తెలుసు. న్యూస్ ఎడిటర్ ఎదుట నిలబడి అడిగి చీవాట్లు తిన్నవాణ్నే నేనూ. అయినా అడుగుతున్నాను.

5. డిజిటల్ ఆర్కైవులో ఉన్న పాత వార్తల మీద, తర్వాత ఏం తేలిందో చెప్పే ఒక గమనిక పెట్టండి. ఇప్పుడు ఆ వార్తలను చదివేది మనుషులే కాదు, యంత్రాలు కూడా. పావెల్ సాక్ష్యాలు ‘బయటపెట్టారు’ అని అవి నేర్చుకుంటే తప్పు వాటిది కాదు.

6. పై ఐదింటిలో ఏది కుదురుతుందో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో మీ పత్రికలోనే రాయండి. ‘పరిశీలిస్తాం’ వద్దు.

ఇప్పుడు డెస్కులో చేరుతున్న పిల్లలకు ఒక మాట. మీ ఇన్‌చార్జి ‘వచ్చు కొట్టెయ్, చప్పగా ఉంది’ అంటే, ఏజెన్సీ కాపీ తెరిచి చూపించండి. ఆయన తిడితే తిట్టనివ్వండి. నేను ఆ రోజు ఒక్క నిమిషం ఆగి ఉంటే పేజీ ఆలస్యమయ్యేది కాదు.

నా వంతు పని నేను చేసేశాను. ఆనాడు వేయాల్సిన సవరణను మన పద్ధతిలోనే రాసి ఈ లేఖకు జత చేస్తున్నాను. నేను పనిచేసిన పత్రిక ఏదో దాని సంపాదకులకు తెలుసు. పేజీ ఎంపిక వాళ్లకు వదలడం లేదు, మొదటి పేజీలోనే వేయాలి. రాజంపేటలో పత్రిక పొద్దున్నే ఆరింటికల్లా బస్టాండుకు చేరుతుంది.

ఇట్లు,
ఒక మాజీ సబ్ ఎడిటర్,
హైదరాబాద్

సవరణ

2002 సెప్టెంబరు 25న మొదటి పేజీలో ‘ముప్పావు గంటలో ప్రళయం’ శీర్షికతో వచ్చిన వార్తలో, ఇరాక్ 45 నిమిషాల్లో జనహనన ఆయుధాలు ప్రయోగిస్తుందని రాశాం. అది బ్రిటన్ ప్రభుత్వ వాదన మాత్రమే. మేం సరిచూడలేదు. ఆ మాట కువైట్ వంటి పొరుగు దేశాలను చేరే క్షిపణుల గురించి కాదని, దగ్గరి దూరానికి వాడే మందుగుండు గురించని తర్వాత తేలింది. ఆ సమాచారాన్ని బ్రిటన్ నిఘా సంస్థ 2004లో వెనక్కి తీసుకుంది. యుద్ధానికి ముందు ఇరాక్‌లో అలాంటి ఆయుధ నిల్వలు లేవని అమెరికా పంపిన ఇరాక్ సర్వే గ్రూపే అదే ఏడాది తేల్చింది. ఏజెన్సీ వార్తలో ఉన్న ‘వచ్చు’ను తీసేసింది మేమే. పొరపాటుకు చింతిస్తున్నాం.